మూతపడ్డ సినిమా హాలును తెరిపించి పాత బజారుకు జనాన్ని రప్పించడం ఎలా?

బైపాస్ పడి, కొత్త బస్టాండు ఊరి బయటికి పోయాక రాత్రి ఎనిమిదికే షట్టర్లు దించేసే మెయిన్ బజార్లు మనకు చాలా ఉన్నాయి. అలాంటి బజారుకు సినిమా హాలు నిజంగా పనికొస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు నాలుగైదు వందల మందిని ఒక్కసారిగా రోడ్డు మీదికి తెచ్చే వ్యాపారం ఇంకోటి లేదు. కానీ ఆ జనం దుకాణాల ముందు నుంచి నడిచి వెళ్లాలి. బండ్లు హాలు కిందే పెట్టుకుని, తిండి లోపలే తిని, వెనక సందులోంచి వెళ్లిపోతే బజారుకు ఒరిగేది ఏమీ ఉండదు. వర్తక సంఘమైనా, మున్సిపాలిటీ అయినా ఈ సంగతి లీజు రాసుకోకముందే తేల్చుకోవాలి.

మొదట చూడాల్సింది మూతపడ్డ పాత హాలునే. ఆ దారి ఊరందరికీ తెలుసు, హాలును లీజుకు తీసుకుని నడిపే ఆపరేటర్లకూ అలాంటి చోటంటే నమ్మకం. హైదరాబాద్ అమీర్‌పేటలో 2023లో వచ్చిన ఏఏఏ సినిమాస్ మల్టీప్లెక్స్ పాత సత్యం థియేటర్ ఉన్న స్థలంలోదే. అయితే పాత హాళ్లతో పెద్ద చిక్కు పత్రాలు. తాతల నాటి భాగస్వామ్యం, ఇప్పుడు ఎనిమిది మంది వారసులు, అందులో ఇద్దరి మధ్య కోర్టు కేసు. చూడటానికి వచ్చిన ఆపరేటర్ తర్వాత ఫోన్ ఎత్తకపోతే చాలాసార్లు కారణం ఇదే. అందుకే ఆపరేటర్‌ను పిలవకముందే ఈసీ (ఆస్తి మీద తాకట్టు, అమ్మకాల వివరాలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీయించండి, పన్ను బకాయిలు తేల్చండి, వారసులందరి చేత ఒకరికి జీపీఏ (అందరి తరఫున సంతకం పెట్టే అధికారపత్రం) ఇప్పించండి. సీట్లు, ఏసీ, ప్రొజెక్టర్ మీద పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి వాళ్లు 15, 20 ఏళ్ల లీజు అడుగుతారు. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయించాల్సిందే.

తర్వాత టేపు పట్టుకుని కొలవండి. 40 అడుగుల వెడల్పు స్కోప్ తెరకు (సినిమాస్కోప్ బొమ్మకు సరిపోయే వెడల్పాటి తెర) దాదాపు 17 అడుగుల ఎత్తు కావాలి. ముందు వరుస తలలు అడ్డు రాకుండా కింద నాలుగడుగులు, పైన మూడడుగులు కలిపితే 24 అడుగులు, అదీ మధ్యలో ఒక్క స్తంభం లేకుండా. షాపింగ్ కాంప్లెక్స్‌ను హాలుగా మారుద్దామన్న ఆలోచన సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది: శ్లాబు ఎత్తు పన్నెండడుగులు, ఇరవై అడుగులకో పిల్లర్. 800 సీట్ల పాత హాలును మాత్రం 200 సీట్ల చొప్పున రెండు మూడు తెరలుగా విడగొట్టొచ్చు. మధ్య గోడ తొమ్మిదంగుళాల ఇటుకతో ఒక్కటే కడితే పక్క తెర మీద ఫైటు వస్తున్నంతసేపూ ఇక్కడ మాటలు వినపడవు. రెండు గోడలు కట్టి, నడుమ నాలుగంగుళాలు వదిలి, రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చుకునే దూది లాంటి పదార్థం) కూరాలి. పైన రేకులే ఉంటే వానాకాలంలో డైలాగ్ వినపడదు, రేకుల కింద ఇన్సులేషన్, ఫాల్స్ సీలింగ్ తప్పవు.

లైసెన్సును చివరికి వదిలేయకండి. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద బీ-ఫారం లైసెన్సు (హాల్లో సినిమా ఆడించడానికి ఇచ్చే అనుమతి) తీసుకోవాలి. దానికి ముందు ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ అభ్యంతరం లేదనే పత్రం), ఎలక్ట్రికల్ తనిఖీ, కట్టడం గట్టిదనానికి ధ్రువపత్రం ఉండాలి. ఇవి సరిగా లేవని 2021 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో పదుల కొద్దీ హాళ్లు మూయించారు. పాత బజార్లలో అసలు అడ్డంకి ఫైరింజన్ తిరగలేని సందు. ఆక్రమణలు తొలగించి ఆ దారి ఇవ్వగలిగేది మున్సిపాలిటీయే. పన్ను రాయితీ కంటే ఆపరేటర్‌కు ఇదే ముఖ్యం. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో 59 మంది చనిపోయారు. కింద పార్కింగ్‌లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మంటలు లేచాయి, అదనంగా వేసిన సీట్లు బయటికి పోయే దారిని మూశాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు విడిగా జాగా చూపించండి. తలుపులు బయటికి తెరుచుకోవాలి, రెండు వేర్వేరు వైపులకు దారి ఉండాలి.

ఇక లెక్కలు. మూడు తెరలు, తెరకు 200 సీట్లు, రోజుకు నాలుగు ఆటలు: మొత్తం 2,400 సీట్లు. నాలుగో వంతు నిండితే రోజుకు 600 మంది. టికెట్ ధర రూ.100 లోపైతే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. అంటే రూ.100 టికెట్‌కు ప్రేక్షకుడు రూ.105 కడతాడు, రూ.120 టికెట్‌కు రూ.141.60. చిన్న ఊళ్లో ఈ తేడాకే కుటుంబాలు ఆగిపోతాయి కాబట్టి ఎక్కువ సీట్లు వంద లోపు ఉండేలా మాట్లాడండి, ప్రభుత్వ జీవోల్లోని ధరల పరిమితులూ చూసుకోండి. స్థల యజమానికి స్థిరమైన అద్దె ఒక్కటే పెట్టకండి. కనీస అద్దె లేదా వసూళ్లలో వాటా, ఏది ఎక్కువైతే అది అని రాస్తే సినిమాలు లేని నెలల్లో హాలు మూతపడదు. సినిమాలు ఇచ్చే డిస్ట్రిబ్యూటర్లతో హాళ్లకూ ఇదే పేచీ. సినిమా ఆడించినందుకు డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే అద్దె కాదు, వసూళ్లలో పర్సంటేజీ కావాలంటూ 2025 జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని రెండు తెలుగు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు (హాళ్లు నడిపేవాళ్లు) హెచ్చరించారు, తర్వాత విరమించుకున్నారు. ఆపరేటర్ ఏ పద్ధతిలో ఆడిస్తాడో ముందే అడగండి.

పార్కింగ్ దగ్గర మాత్రం పట్టు వదలొద్దు. బైకుకు తిరిగే దారితో కలిపి మూడు చదరపు మీటర్లు, కారుకు పాతిక వేసుకోండి. 200 బైకులు, 40 కార్లకు 1,600 చదరపు మీటర్లు, దాదాపు 40 సెంట్లు. అంత జాగా హాలు ఆవరణలో దొరకదు, దొరక్కపోవడమే బజారుకు మంచిది. రెండు మూడు వందల మీటర్ల దూరంలో పాత బస్టాండు స్థలమో, సాయంత్రం ఖాళీగా ఉండే మార్కెట్ యార్డో చూపించండి. ఆ నడకలోనే స్వీటు షాపు, చెప్పుల షాపు, టిఫిన్ సెంటర్ కంట పడతాయి. దారంతా దీపాలు, కాలిబాట లేకపోతే ఆడవాళ్లు, పిల్లలతో వచ్చేవాళ్లు నడవరు. ఆట వదిలాక తెరిచే గేటు బజారు వైపే ఉండాలని లీజులో రాయించండి. ఇంటర్వెల్ క్యాంటీన్ ఆపరేటర్ ఆదాయం, దాని జోలికి వెళ్లొద్దు.

ఫస్ట్ షో తొమ్మిది దాటాక వదులుతుంది, కాబట్టి కనీసం శుక్ర, శని, ఆదివారాల్లో పదిన్నర దాకా తెరిచి ఉంచడానికి పాతిక దుకాణాలైనా ఒప్పుకోవాలి. తెరకూ తెరకూ అరగంట తేడా ఉంటే రోడ్డు బిగుసుకోదు. పల్లెలకు వెళ్లే ఆఖరి బస్సు ఎనిమిదిన్నరదైతే ఊళ్ల వాళ్లు మాట్నీకి తప్ప రారు. ఆ బస్సును పది గంటలకు మార్చమని ఆర్టీసీ డిపో మేనేజర్‌కు రూట్ల వారీగా అర్జీ పెట్టండి, శనివారం ఒక్క రోజైనా నడిపి చూడమని అడగండి. సోమవారం నుంచి గురువారం దాకా హాలు వెలవెలబోతుంది. ఆ రోజుల మాట్నీలకు కాలేజీలతో, డ్వాక్రా సంఘాలతో గుంపు బుకింగ్‌లు ముందుగానే మాట్లాడి, ఆ జాబితాను ఆపరేటర్‌కు ఇచ్చే ఫైలులో మొదటి పేజీగా పెట్టండి.