రైఫిల్‌తో జింక వేట, 5వ పాఠం: ఏ బుల్లెట్ కొనాలి?

గత పాఠంలో క్యాలిబర్, అంటే రైఫిల్ ఏ కొలత తూటా కొడుతుందన్నది తేల్చుకున్నాం. 243 విన్‌చెస్టర్, 6.5 క్రీడ్‌మోర్, 270, 308... వీటిలో ఏది మీ భుజానికి కుదిరినా వైట్‌టెయిల్ జింకకు చాలు. ఇక ఆ క్యాలిబర్‌లో ఏ బుల్లెట్ కొనాలన్నది ఈ వారం పాఠం. తూటా మొత్తంలో జింకను తాకేది దాని మొనలో ఉండే బుల్లెట్ ఒక్కటే. మిగతా సామానంతా దాన్ని అక్కడిదాకా చేర్చడానికే. అయినా చాలామంది రైఫిల్‌కు, స్కోప్‌కు నెలల తరబడి వెతికి, బుల్లెట్ దగ్గరికొచ్చేసరికి కొట్లో ఏది డిస్కౌంట్‌లో ఉంటే అది తెచ్చేసుకుంటారు.

కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. ఈ పాఠాలు అమెరికాలో లైసెన్స్ తీసుకుని, సీజన్‌లో వేటాడే తెలుగువాళ్ల కోసం. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింక వేట నేరం. అమెరికాలో కూడా హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీయే కాదు, తూటాల పెట్టె కూడా దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది. రెండో పాఠం చదివాకే కొట్టుకు వెళ్లండి.

ముందు బుల్లెట్ చేయాల్సిన పనేమిటో చూద్దాం. జింక మనకు అడ్డంగా నిలబడి ఉన్నప్పుడు, ముందుకాలి వెనకాల, ఛాతీ మధ్యలో సుమారు 8 అంగుళాల వలయం ఉంటుంది. గుండె, రెండు ఊపిరితిత్తులు అందులోనే. బుల్లెట్ ఒక పక్క నుంచి దూరి, లోపల పుట్టగొడుగులా విచ్చుకుని, రెండు ఊపిరితిత్తుల్నీ చీల్చుకుంటూ అవతలి పక్క నుంచి బయటికి పోవాలి. అలా జరిగితే జింక నిలబడ్డచోటే పడుతుంది, లేదా కొంత దూరం పరుగెత్తి పడుతుంది. విచ్చుకోకుండా సూదిలా దూసుకుపోతే గాయం సన్నగా ఉంటుంది, జింక గంటల తరబడి బాధపడుతుంది. మరీ త్వరగా విచ్చుకుని జబ్బ ఎముక మీదే ముక్కలైపోతే ఊపిరితిత్తుల దాకా చేరదు. ఈ రెండు ప్రమాదాల మధ్య సరైన బుల్లెట్‌ను పట్టుకోవాలి.

అవతలి వైపు రంధ్రం పడాలని నేను గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మనలో ఎక్కువమంది చెట్టుకు కట్టిన స్టాండ్ మీద నుంచి కిందికి కాలుస్తాం. బుల్లెట్ పైన దూరి కింద బయటికొస్తుంది. రక్తం ఆ కింది రంధ్రం నుంచే ఆకుల మీద పడుతుంది. అది లేకపోతే రక్తం ఛాతీలోనే నిండిపోతుంది, సాయంత్రం వెలుతురు తగ్గాక టార్చి పట్టుకుని వెతకడం నరకం.

ఇప్పుడు పెట్టె చేతిలోకి తీసుకోండి. పాతకాలం నుంచీ అమ్ముతున్న రెమింగ్టన్ కోర్-లోక్ట్ పెట్టె అనుకుందాం: 308 విన్‌చెస్టర్, 150 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే బరువు. 7,000 గ్రెయిన్లు ఒక పౌండు. అంటే ఈ బుల్లెట్ పది గ్రాములకు కాస్త తక్కువ. కంపెనీ పట్టిక చూస్తే బ్యారెల్ నుంచి బయటపడేటప్పుడు వేగం సెకనుకు 2,820 అడుగులు. 100 గజాల దగ్గర 2,533, 200 దగ్గర 2,263, 300 దగ్గర 2,009, 400 గజాలకు 1,774. ఈ వరుసను ఒకటికి రెండుసార్లు చదవండి. బుల్లెట్ విచ్చుకోవడం వేగం మీదే ఆధారపడి ఉంటుంది. మామూలు సీసపు బుల్లెట్లు చాలావరకు వేగం సెకనుకు 1,800 అడుగులకు తగ్గేదాకా నమ్మకంగా విచ్చుకుంటాయి, రాగి బుల్లెట్లకు కనీసం సుమారు 2,000 కావాలి. మీరు కొనే బుల్లెట్‌కు ఎంత అవసరమో తయారీదారు చెబుతాడు, అది చూసుకోండి. ఈ లెక్కన పై పెట్టె 300 గజాల దాకా బాగా పనిచేస్తుంది. 400 దగ్గర, గురి ఎంత బాగున్నా, బుల్లెట్ విచ్చుకుంటుందన్న భరోసా లేదు. కొత్తవాళ్లు 200 గజాలు దాటి కాల్చవద్దన్నది నా మాట. ఆ దూరంలో ఈ నాలుగు క్యాలిబర్లలో దేనికీ వేగం కొరత లేదు.

అదే కంపెనీ 30-30 విన్‌చెస్టర్ పెట్టె పక్కన పెట్టి చూడండి. అందులోనూ 150 గ్రెయిన్లే, లావు కూడా అంతే. కానీ మొదలయ్యే వేగమే 2,390. 100 గజాలకు 1,973కి పడిపోతుంది. అందుకే 30-30 కోసం చేసే బుల్లెట్‌ను తక్కువ వేగంలోనే విచ్చుకునేలా మెత్తగా చేస్తారు. దాన్ని తీసి, మందు ఎక్కువ పట్టి చాలా వేగంగా కొట్టే 300 మాగ్నమ్ తూటా వేగంతో కొడితే చిట్లిపోతుంది. మాగ్నమ్ కోసం చేసినదాన్ని 30-30లో పెడితే విచ్చుకోకుండానే అవతలికి పోవచ్చు. కాబట్టి బరువు ఒక్కటే చూసి బుల్లెట్ ఎంచుకోకూడదు. దాన్ని ఏ వేగం కోసం తయారుచేశారన్నది అసలు ప్రశ్న. ఈ పాఠంలో ఒక్క సంగతే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి.

లీవర్ రైఫిల్ ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త: ట్యూబ్ మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి, ఒక తూటా మొన దాని ముందున్న తూటా ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే తూటాను పేల్చే భాగానికి) ఆనుకుని ఉంటుంది. కోసుగా, గట్టిగా ఉన్న మొన అక్కడ ప్రమాదం. మొన బల్లపరుపుగా ఉన్నవి గానీ, రబ్బరులాంటి మెత్తటి మొనతో వచ్చే హార్నడీ లీవరెవల్యూషన్ లాంటివి గానీ వాడాలి.

ఇక రకాలు. రాగి తొడుగు, లోపల సీసం, మొన దగ్గర సీసం బయటికి కనబడేది సాఫ్ట్ పాయింట్. కోర్-లోక్ట్, ఫెడరల్ పవర్-షాక్, విన్‌చెస్టర్ పవర్-పాయింట్ ఈ జాతివే. చవక, దాదాపు ప్రతి కొట్లో దొరుకుతాయి, మామూలు దూరాల్లో జింకకు ఇంతకు మించి అక్కర్లేదు. మొనకు ప్లాస్టిక్ ముక్క పెట్టినవి గాలిని బాగా కోసుకుపోతాయి, తగలగానే వేగంగా విచ్చుకుంటాయి. వీటిలో నోస్లర్ బాలిస్టిక్ టిప్, హార్నడీ ఎస్ఎస్‌టీ లాంటి మెత్తటివి దగ్గరి దూరంలో, అదీ మాగ్నమ్ నుంచి వస్తే, జబ్బ మాంసమంతా రక్తం గడ్డకట్టి పారేయాల్సి వస్తుంది. తొడుగునూ సీసాన్నీ అతికించి చేసే బాండెడ్ రకం, ఉదాహరణకు ఫెడరల్ ఫ్యూజన్, ఎముక తగిలినా విడిపోదు. ఫస్ట్ టైమ్ కొనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. నాలుగు డాలర్లు ఎక్కువైనా జబ్బ ఎముక తగిలితే ఎలా అన్న టెన్షన్ ఉండదు. జాన్ నోస్లర్ 1940ల్లో పెద్ద దుప్పి లాంటి మూస్‌ను కొట్టినప్పుడు బుల్లెట్ లోపలికి దిగకపోవడం చూసి, మధ్యలో అడ్డగోడ ఉండే పార్టిషన్ బుల్లెట్ తయారుచేశాడు. అది ఇప్పటికీ వస్తోంది గానీ, టెక్సస్ హిల్ కంట్రీలోని చిన్న జింకలకు అంత గట్టిది అవసరం లేదు.

రాగి బుల్లెట్ల గురించి కాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే మనం ఇంటికి మాంసం తెస్తున్నాం. సీసపు బుల్లెట్ విచ్చుకునేటప్పుడు కంటికి కనబడనంత చిన్న ముక్కలు గాయానికి దూరంగా కూడా చెదిరిపోతాయి. 2008లో నార్త్ డకోటాలో వేటగాళ్లు దానంగా ఇచ్చిన జింక ఖీమాలో ఈ ముక్కలు బయటపడితే, ఆహార నిల్వ కేంద్రాల్లో ఉన్నదాన్ని పారేయమని అధికారులు చెప్పారు. మన ఇళ్లలో జింక మాంసం ఎక్కువగా ఖీమాగానే వండుతాం. గ్రైండర్‌లో ఒకచోటి ముక్క మొత్తానికీ కలుస్తుంది. చిన్నపిల్లలు, గర్భిణులు తినే ఇంట్లో నేను రాగినే వాడమంటాను. బార్న్స్ టీటీఎస్ఎక్స్ లాంటివి పూర్తిగా రాగి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ వేటకైనా సీసం నిషేధం, అక్కడివాళ్లకు ఎంపిక లేదు. సీసమే వాడితే గాయం చుట్టూ ఉన్న మాంసాన్ని ధారాళంగా కోసి పారేయండి, అక్కడ పొదుపు చేయకండి.

సీసం కంటే రాగి తేలిక. అంటే అదే బరువుకు బుల్లెట్ పొడవవుతుంది, బ్యారెల్ లోపలి మెలిక చాలకపోతే గాలిలో తిన్నగా తిరగదు. అందుకని రాగికి మారేటప్పుడు ఒక మెట్టు తగ్గించండి. 308లో 165 సీసం కొట్టేవాళ్లు 130 లేదా 150 రాగి, 243లో 100 కొట్టేవాళ్లు 80 రాగి.

మిలిటరీ తరహా పూర్తి తొడుగు బుల్లెట్లు రేంజ్‌లో కాగితం మీదకే. అవి విచ్చుకోవు, చాలా రాష్ట్రాల్లో జింక మీద వాడటం నేరం. అడవి పందికొక్కుల్లాంటి చిన్న జీవాల కోసం చేసే వార్మింట్ బుల్లెట్లూ వద్దు, అవి పైపైనే పగిలిపోతాయి. ఒహాయోలో అయితే 308, 270 రెండూ జింక సీజన్‌లో పనికిరావు. అక్కడ రైఫిళ్లలో నిటారు కేసు (మొన దగ్గర సన్నబడని తూటా గొట్టం) ఉన్న 350 లెజెండ్, 450 బుష్‌మాస్టర్ లాంటివే. పెట్టె కొనే ముందు మీ రాష్ట్రపు ఈ ఏటి నియమాల పుస్తకం తెరవండి.

ఈ వారం చేయాల్సిన పని. పైన చెప్పినవాటిలో రెండు మూడు రకాలు ఒక్కో పెట్టె కొనండి. 100 గజాల రేంజ్‌లో, బ్యారెల్ చల్లారనిస్తూ, ఒక్కోదానితో మూడేసి తూటాలు రెండు విడతలు కాల్చండి. ఒకే రైఫిల్ ఒక బుల్లెట్‌ను అంగుళంలో పెట్టి, ఇంకోదాన్ని మూడంగుళాల్లో చెదరగొట్టడం మామూలే. ఖరీదైనదే బాగా గుంపు కడుతుందన్న హామీ లేదు. అంగుళంన్నర లోపు పెట్టినదాన్ని ఎంచుకుని, పెట్టె మీది లాట్ నంబరు అదే ఉండేలా ఇంకో రెండు పెట్టెలు తెచ్చుకోండి. ఆ బుల్లెట్‌తోనే స్కోప్‌ను మళ్లీ జీరో చేయండి, అంటే గురి పెట్టినచోటే బుల్లెట్ తగిలేలా సరిచేయండి. సీజన్ మధ్యలో బ్రాండ్ మార్చాల్సి వస్తే ఈ పనంతా మొదటినుంచీ చేయాలి.

మీ కాగితాలను తేదీ, పెట్టె పేరు రాసి దాచుకోండి. వచ్చే పాఠంలో 200 గజాల దాకా బుల్లెట్ ఎంత కిందికి దిగుతుందో లెక్క కట్టడానికి అవి కావాలి.