ఒకే ఫైర్‌ఫాక్స్‌తో రెండు వేరు కాపురాలు

మాది పర్లాకిమిడిలో చిన్న జిరాక్స్ షాపు, లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన పాత డెస్క్‌టాప్ ఒక్కటే దిక్కు. ఇక్కడివాళ్లకి ఒడిశా ఫారాలు, పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లకి ఆంధ్రా ఫారాలు, అన్నీ దానిమీదే. ఓసారి అంతకుముందు కూర్చున్నాయన మెయిల్ లాగౌట్ చేయలేదని చూసుకోకుండా ఒక కుర్రాడి మార్కుల మెమో ఆయన మెయిల్ నుంచే పంపేశాను. తప్పు నాదే. ఆ రోజే కూర్చుని, ఒకే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ని లాగిన్లు కలవకుండా రెండుగా నడిచేలా సెట్ చేసుకున్నాను.

ఇంకో విండో తెరిస్తే సరిపోదా అంటారా, సరిపోదు. ఐకాన్ రెండోసారి నొక్కినప్పుడు కొత్తగా లేచిన ఫైర్‌ఫాక్స్, ముందే ఒకటి నడుస్తోందని చూసి, విండో తెరవమని దానికే చెప్పి తను తప్పుకుంటుంది. లాగిన్లు, కుకీలు, హిస్టరీ ఉండేది ప్రొఫైల్ అనే ఫోల్డర్‌లో, విండోలు పది తెరిచినా ఆ ఫోల్డర్ ఒక్కటే. వేరు చేయాల్సింది దాన్ని.

అడ్రస్ బార్‌లో ఇంగ్లిషు అక్షరాలతో అబౌట్, కోలన్, ప్రొఫైల్స్ అని ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. 'క్రియేట్ ఎ న్యూ ప్రొఫైల్' నొక్కి పేరు ఇవ్వండి, నేను ఆంధ్రా అని పెట్టాను (పేరులో ఖాళీ వద్దు, తర్వాత కమాండ్‌లో తలనొప్పి). డిఫాల్ట్ ఏదయిందో అక్కడే ఒకసారి చూసుకోండి, కొత్తదానికి మారిపోతే పాత బుక్‌మార్కులన్నీ పోయాయని టెన్షన్ పడతారు.

రోజూ ఆ పేజీకి వెళ్లడం విసుగే కాబట్టి, డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి కొత్త లాంచర్ (ప్రోగ్రామ్ తెరిచే ఐకాన్) పెట్టుకుని, కమాండ్ గడిలో ఫైర్‌ఫాక్స్, ఖాళీ, హైఫన్, దానికి ఆనించి క్యాపిటల్ పి, మళ్లీ ఖాళీ, ప్రొఫైల్ పేరు ఇవ్వండి. హైఫన్ హైఫన్ నో హైఫన్ రిమోట్ (ముందే నడుస్తున్నదానికి అప్పగించకుండా వేరుగా తెరవమనేది) కూడా కావాలని కొందరు చెబుతారు గానీ 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఆ అవసరం లేదు. రెండింటికీ వేరే రంగు థీమ్ మాత్రం తప్పకుండా వేయండి. నాకు ఆంధ్రాది ఆకుపచ్చ, ఒడిశాది నలుపు, ఎంత రద్దీలో అయినా ఎక్కడున్నానో తెలుస్తుంది. కస్టమర్లు వాడే ప్రొఫైల్‌లో, మూసినప్పుడు కుకీలు చెరిపేసే టిక్కు ప్రైవసీ సెట్టింగుల్లో పెట్టేయండి.

క్రోమియం బ్రౌజర్ వాడేవాళ్లయితే అదే కమాండ్ గడిలో దాని పేరు, ఖాళీ, తర్వాత హైఫన్ హైఫన్ యూజర్ హైఫన్ డేటా హైఫన్ డిర్, ఈక్వల్ గుర్తు, ఆ వెనక మీ ఫోల్డర్ దారి. అది స్నాప్‌గా (లినక్స్‌లో ప్రోగ్రాములు వచ్చే ఒక రకం ప్యాకేజీ) వచ్చినదైతే చుక్కతో మొదలయ్యే దాచిన ఫోల్డర్ ఇవ్వకండి, అందులో రాయడానికి దానికి అనుమతి ఉండదు.

ఒకే ప్రొఫైల్‌ని రెండుసార్లు తెరవబోతే 'ఆల్రెడీ రన్నింగ్' అని మొరాయించవచ్చు. అప్పుడు లాక్ ఫైల్ (ఆ ప్రొఫైల్ వాడకంలో ఉందని చెప్పే గుర్తు) చెరిపేసి బలవంతంగా తెరవకండి, డేటా పాడవుతుంది. రెండూ కలిపి ర్యామ్ బాగానే తింటాయి, మా 4 జీబీ మెషీన్‌లో ట్యాబులు పది దాటితే మౌస్ కూడా కదలదు.