తేనె వేసిన బీర్‌ను సీసాల్లో పోసేముందు

మొన్న బెంగళూరు మారతహళ్ళిలో మాకు తెలిసినవాళ్ళ ఇంట్లో, అర్ధరాత్రి దాటాక యుటిలిటీలో, ఇంట్లోనే కాచిన బీరు సీసాలు మూడు వరసగా పేలాయి. వాషింగ్ మెషీన్ మీద అట్టపెట్టెలో ఉన్నవి. ఒక గాజుపెంకు కిటికీకున్న దోమల జాలీని చీల్చుకుని బయటపడింది. చప్పుడుకు లేచి వెళ్ళినాయన మిగిలినవి కాపాడదామని నాలుగోది ఎత్తబోతే అది చేతిలోనే పేలింది. అరచేతికి కుట్లు పడ్డాయి. కళ్ళజోడు ఉండబట్టి కన్ను దక్కింది. ఆ బీర్‌లో తేనె ఉంది.

ఉగాది దాటాక బెంగళూరును చల్లని ఊరు అనుకోవద్దు. 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. చలికాలంలో కాచి దాచిన సీసాలన్నిటికీ అసలు పరీక్ష ఇప్పుడే.

చట్టం సంగతి కూడా చెప్పాలి. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడాన్ని కర్ణాటక ఎక్సైజ్ చట్టం ఒప్పుకోదు. ఎవరినీ కాయమని నేను ప్రోత్సహించడం లేదు. ఇప్పటికే ఇంట్లో సీసాలు పెట్టుకున్నవాళ్ళ కళ్ళూ చేతులూ బాగుండాలని రాస్తున్నాను. గిన్నెలు శుభ్రంగా కడగడం, ఈస్ట్ ఎంత వేయాలి లాంటివి మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను.

తేనె బీర్ చేసేవాళ్ళను ముంచే తప్పు ఒకటే: ఎయిర్‌లాక్‌లో (పులిసే పాత్ర మూతకు పెట్టే, గ్యాస్‌ను బయటికి మాత్రమే వదిలే గొట్టంలో) బుడగలు ఆగాయి కదా అని సీసాల్లో పోసి మూత బిగించేయడం. బుడగలు ఆగితే పులియడం ఆగినట్టు కాదు. తేనెలో దాదాపు ఎనభై శాతం చక్కెరలే, వాటిలో దాదాపు అన్నీ ఈస్ట్ తినగలిగినవే. కానీ ఈస్ట్ బలంగా పెరగడానికి కావలసిన నత్రజని తేనెలో లేనట్టే. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) తగ్గించి తేనె పెంచిన కొద్దీ ఈస్ట్ నీరసపడుతుంది. జనవరి చలికి ఇంకా మందగిస్తుంది. బుడగలు ఆగిపోతాయి, చక్కెర మాత్రం మిగిలే ఉంటుంది. మార్చిలో ఎండ ముదరగానే ఈస్ట్ లేచి, మూసిన సీసాలో ఆ మిగిలిన పని పూర్తి చేస్తుంది, పుట్టిన గ్యాస్‌కు బయటికి దారి ఉండదు.

పచ్చి తేనెతో ఇంకో చిక్కుంది. అందులో పిండిపదార్థాలను విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. మామూలుగా ఈస్ట్ ముట్టని మాల్ట్ చక్కెరలను కూడా అది కొద్దికొద్దిగా తినేవిగా మార్చగలదు. అందుకే వోర్ట్ (మాల్ట్ నుంచి తీసిన, ఇంకా పులియని తీపి రసం) మరిగి స్టవ్ ఆపగానే, వేడిగా ఉన్నప్పుడే తేనె కలపండి. ఆ వేడికి ఎంజైమ్ పనిచేయదు. కొంత వాసన కూడా పోతుంది, పోనివ్వండి. చల్లారిన వోర్ట్‌లో పోస్తే తేనె అడుగున ముద్దగా కూర్చుంటుంది, పైన తీసిన నమూనా చక్కెర తక్కువుందని అబద్ధం చెబుతుంది.

లెక్క చూడండి. పది లీటర్లలో అరకిలో తేనె వేస్తే గ్రావిటీ (నీళ్ళతో పోల్చిన చిక్కదనం; నీళ్ళది 1.000, ఒక పాయింటు అంటే 0.001) సుమారు 14 పాయింట్లు పెరుగుతుంది. సీసాలో మిగిలిపోయిన ఒక్కో పాయింటు లీటరు బీర్‌కు దాదాపు అరలీటరు గ్యాస్ పుట్టిస్తుంది. మామూలు బీర్‌లో లీటరుకు రెండున్నర లీటర్ల గ్యాస్ ఉంటే చాలు. మీరు 1.010 దగ్గర అయిపోయిందనుకుని పోశారు, అది నిజానికి 1.006 దాకా దిగేది అనుకోండి. ఆ నాలుగు పాయింట్లే రెండు లీటర్ల గ్యాస్. పైన మీరు వేసిన ప్రైమింగ్ చక్కెర (గ్యాస్ కోసం సీసాల్లో పోసేముందు కలిపేది) వేరు. ఆ ఒత్తిడికి మామూలు బీరు సీసా ఆగుతుందన్న నమ్మకం లేదు.

కాబట్టి హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే, ద్రవంలో తేలే గాజు గొట్టం) చూడకుండా మూత బిగించొద్దు. వరసగా మూడు రోజులు ఒకే అంకె రావాలి. తేనె వేసినదైతే ఒక వారం ఆగి మళ్ళీ చూడండి. నమూనాలో గ్యాస్ ఉంటే హైడ్రోమీటర్ పైకి తేలుతుంది, అందుకని రెండు గ్లాసుల మధ్య టీ తిరగబోసినట్టు పోసి గ్యాస్ పోగొట్టండి. హైడ్రోమీటర్లు చాలావరకు 20 డిగ్రీలకు సరిచేసినవి. 30 డిగ్రీల నమూనాలో రెండు మూడు పాయింట్లు తక్కువ చూపిస్తాయి, అంటే పులియకపోయినా పులిసినట్టు కనబడుతుంది. నమూనా చల్లబరిచి చూడండి.

అంకె ఎక్కడ ఆగాలో ముందే తెలుసుకునే మార్గం ఉంది. కాచిన రోజే తేనె కలిసిన వోర్ట్ ఒక పెద్ద గ్లాసుడు వేరే సీసాలో తీసి, ఈస్ట్ కాస్త ఎక్కువ వేసి, మూత వదులుగా పెట్టి వెచ్చని చోట ఉంచండి. అది ఎక్కడ ఆగుతుందో మీ బీర్ కూడా దాదాపు అక్కడికే రావాలి. రాకముందు సీసా ఊసు ఎత్తొద్దు.

ప్రైమింగ్‌కు తేనె వద్దు. తేనెలో నీటి శాతం ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, అడవి తేనె మరీ పల్చన. 2020లో ఢిల్లీలోని పర్యావరణ సంస్థ సీఎస్‌ఈ పరీక్షించిన 13 బ్రాండ్లలో చాలావాటిలో చక్కెర పాకం కల్తీ బయటపడింది. తేనె సీసాలో ఏముందో తెలియనప్పుడు లెక్క కుదరదు. మామూలు చక్కెర, లీటరుకు ఆరు గ్రాములు, తూకం వేసి. చెంచాతో కొలవొద్దు.

తిప్పి తీసే మూత సీసాలు వాడొద్దు. నలుచదరం సీసాలు, అలంకారం సీసాలు వద్దు. గీత పడిన సీసా పారేయండి. ఒక సోడా ప్లాస్టిక్ సీసాలో కూడా అదే బీర్ పోసి పక్కన పెట్టండి, రోజూ నొక్కి చూడండి. రాయిలా గట్టిపడితే అన్నీ వెంటనే ఫ్రిజ్‌లోకి. ఫ్రిజ్‌లో చోటు లేనంత బీర్ చేయొద్దు. బాల్కనీలో వద్దు, గ్యాస్ సిలిండర్ పక్కన వద్దు, పిల్లల చేతికి అందే చోట అసలే వద్దు. మూతున్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. రుచి చూసి తీపి లేదు కాబట్టి అయిపోయిందని ఎవరు చెప్పినా వినొద్దు. బుడగలు ఆగాయని చెప్పినా వినొద్దు. హైడ్రోమీటర్ చూడకుండా మూత బిగించొద్దు.

ఒక సీసా పేలిందా, ఆ గదిలోకి వెళ్ళకండి. తలుపు మూసి ఇంట్లోవాళ్ళను దూరంగా ఉంచండి. రాత్రి చల్లబడేదాకా ఆగండి. తర్వాత కళ్ళకు గాగుల్స్, చేతులకు మందపాటి గ్లోవ్స్, ఒంటికి జీన్స్ జాకెట్ వేసుకుని, డబ్బా మీద తడిపిన దుప్పటి కప్పండి. సీసాలను ఎత్తొద్దు, కదిలించొద్దు. దుప్పటి కింద నుంచే ఒక్కో మూత మెల్లగా సడలించండి. మొహం పక్కకు తిప్పుకుని ఉండండి.