ఆరో తరగతి పాఠాలకు ఇంట్లో తోడ్పడటం ఎలా

ఐదో తరగతి వరకు లెక్క సరిగా చేస్తే చాలావరకు సరిపోతుంది. ఆరో తరగతికి వచ్చేసరికి ఆ లెక్కను అలాగే ఎందుకు చేయాలో కూడా చెప్పవలసి వస్తుంది. అందువల్ల పక్కన కూర్చునే పెద్దలు జవాబు దిద్దడం కంటే, అది ఎలా వచ్చిందని అడగడానికే ఎక్కువ సమయం ఇవ్వాలి.

అన్నిటికన్నా ముందు భిన్నాలు ఎంతవరకు వచ్చో చూడండి, ఎందుకంటే దశాంశాలు, నిష్పత్తులు, శాతాలు అన్నీ వాటి మీదే నిలబడతాయి. 1/2కు 1/3 కలపమంటే చాలామంది పిల్లలు లవానికి లవం, హారానికి హారం కలిపి 2/5 అంటారు. వెంటనే తప్పని కొట్టేయకుండా, 2/5 పెద్దదా, 1/2 పెద్దదా అని అడగండి. సగానికి మరికొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చిందన్న అనుమానం వాళ్లకే రావాలి. ఆ తరువాత ఒక కాగితపు పట్టీని ఆరు సమభాగాలు చేసి, సగానికి మూడు గళ్లు, మూడో వంతుకు రెండు గళ్లు రంగు వేయిస్తే 5/6 కంటికే కనిపిస్తుంది. ఆ ఆరు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచిస్తే, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) దేనికి నేర్పారో కూడా అక్కడే తెలిసిపోతుంది.

రుణ సంఖ్యల దగ్గర –7 కంటే –3 పెద్దదనడం పిల్లలకు వింతగా తోస్తుంది. సంఖ్యారేఖ గీయించి, కుడివైపు ఉన్నదే పెద్దదని చూపితే చాలు. బీజగణితానికి అగ్గిపుల్లలు మంచి సాధనం (తల తీసేసిన పుల్లలైతే మేలు). ఒక చతురస్రానికి 4 పుల్లలు, పక్కనే ఆనుకుని మరొకటి పేరిస్తే 7, మూడింటికి 10 పడతాయి. పది చతురస్రాలకు ఎన్ని కావాలో పేర్చకుండా చెప్పమనండి. ప్రతి చతురస్రానికి మూడేసి పుల్లలు, మొదట్లో ఒకటి అదనం అని గ్రహించి 31 అన్నవారికి 3n + 1 (n అంటే చతురస్రాల సంఖ్య) అనే సూత్రం కొత్తగా అనిపించదు.

విజ్ఞాన శాస్త్రంలో పదార్థాలను వేరుచేయడం, విద్యుత్ వలయాలు, అయస్కాంతాలు, కాంతి–నీడలు సాధారణంగా ఈ వయసు పాఠాలే. ఇసుక, ఉప్పు, ఇనుప రజను కలిపి ఇచ్చి, వేరు చేసే క్రమాన్ని ముందుగా రాయమనండి: అయస్కాంతంతో రజను తీయడం, నీళ్లు పోసి ఉప్పు కరిగించడం, వడకట్టడం, నీటిని ఆవిరి చేయడం. ముందే నీళ్లు పోస్తే ఏ ఇబ్బంది వస్తుందన్న ప్రశ్నకు చెప్పే జవాబులోనే అసలు పాఠం ఉంది.

సాంఘిక శాస్త్రంలో పటం చదవడం ముఖ్యం. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కనుక గంటకు 15 డిగ్రీలని పిల్లలే భాగించి తెలుసుకుంటే, ఒకచోట పగలైనప్పుడు మరోచోట రాత్రి ఎందుకో బట్టీ పట్టనవసరం లేదు. తేదీల జాబితాలు అప్పజెప్పించడంలో నాకు పెద్ద ప్రయోజనం కనిపించదు.

భాషా పాఠానికి రోజుకు ఒక పేరా చాలు. దాని సారాంశాన్ని రెండు వాక్యాల్లో రాయించి, ఆ మాట పేరాలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి. చూపలేకపోతే, అది చదివినది కాదు, ఊహించినది.