ఎర్రచందనం దొంగల పాలవకుండా అడవి పక్క ఊరోళ్లం చేయగలిగింది ఏంటంటే

మాది రైల్వేకోడూరు వైపు, మిద్దె ఎక్కితే శేషాచలం కొండలే కనిపిస్తాయి. ఎర్రచందనం దొంగతనం గురించి ఎవర్ని అడిగినా "అది ఫారెస్టోళ్ల పని, టాస్క్‌ఫోర్స్ ఉండాది కదా, మనకెందుకు లేప్పా" అంటారు. కానీ గొడ్డలి పట్టినోడు తమిళనాడు జవ్వాది కొండల నుంచి వచ్చినా సరే, వాడికి దారి చూపేదీ, బియ్యం మూట అందించేదీ, ఫారెస్టోళ్ల జీపు బయల్దేరిందని ఫోన్ కొట్టేదీ ఎక్కువసార్లు ఈ చుట్టుపక్కలోడే. ఆ సాయం ఆగితే వాడు అడవిలో నాలుగు రోజులు కూడా ఉండలేడు. నేను రాసేదంతా దాని గురించే.

ముందు చెట్టుని గుర్తుపట్టండి, ఇది చాలామందికి రాదు. బెరడు మొసలి వీపు మాదిరి గళ్లు గళ్లుగా పగిలి ఉంటాది, గంటు పడితే రక్తంలా ఎర్రటి జిగురు కారతాది. అయితే ఏగిస చెట్టుకీ ఎర్ర జిగురే వస్తాది, కాయలు కూడా రెండిటికీ గుండ్రంగా బిళ్లల్లాగే ఉంటాయి, కాబట్టి ఆకు చూడండి. ఎర్రచందనానికి రెమ్మకి మామూలుగా మూడాకులు, ఏగిసకి ఐదారు ఉంటాయి. ప్రపంచం మొత్తంలో ఈ చెట్టు దానంతటది పెరిగేది మన శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ కొండలు, ఆ చుట్టుపక్కల కొంచెం, అంతే. 1995 నుంచి సైటీస్ అనే, అరుదైన చెట్లూ జంతువుల వ్యాపారం మీద దేశాలు చేసుకున్న ఒప్పందం జాబితాలో ఉండాది, అంటే దేశం దాటించాలంటే ప్రత్యేకంగా అనుమతి కావాలి. చేవ, అంటే లోపలి గట్టి ఎర్ర చెక్క, పట్టడానికి పాతికేళ్లు పైనే పడతాది, నరకడానికి అరగంట.

ఇంక దేన్ని గమనించాలంటే, మేకలు తోలేవాళ్లకి, చింతపండుకి పోయేవాళ్లకి ఇవి అందరికంటే ముందు కనిపిస్తాయి. కొత్తగా నరికిన చెట్టు మొద్దు మీద మట్టి, ఆకులు కప్పేసి ఉంటాయి, కాలితో తోస్తే ఎర్రటి పొట్టు బయటపడతాది. దుంగని అక్కడే చెక్కి బెరడు, పైనుండే తెల్ల చెక్క తీసేస్తారు, మోసే బరువు తగ్గాలని, ఆ చెక్కుడు పేళ్లు కుప్పగా పడి ఉంటాయి. వంక పక్కన పొయ్యి రాళ్లు, బీడీ కట్టలు, ఖాళీ నూనె పాకెట్లు. ఊర్లో అయితే, ఎప్పుడూ చూడని మనిషి చిల్లర అంగట్లో ఒక్కసారే ఇరవై కిలోల బియ్యం, చింతపండు, ఎండుమిరపకాయలు కొంటే ఆలోచించండి. చేవ చెక్క నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువు, ఒక్కో దుంగ ఇరవై ముప్పై కిలోలు తూగుతాది, అందుకే వెనక సీట్లు పీకేసిన కారు ఎవరూ ఎక్కకపోయినా వెనక భాగం కుంగి పోతా ఉంటాది. టమోటా లారీలు, పాల వ్యాన్లు కూడా వాడతారు కానీ అవి బయటినుంచి పట్టుకోవడం కష్టం.

ఇవి చూస్తే ఎదురుపోవద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. 2013 డిసెంబరులో ఇదే శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారుల్నే చంపేసినారు. 2015 ఏప్రిల్‌లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయినారు, అందరూ తమిళనాడోళ్లే. కూలికి వచ్చినోడు చచ్చిపోతాడు, జైలుకి పోతాడు, కొనేవాడు మాత్రం ఎక్కడో చల్లగా ఉంటాడు, ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు. కాబట్టి మీరు చేయాల్సింది ఏందంటే టైము, చోటు, బండి నంబరు, ఎటువైపు పోయింది, ఎంతమంది, ఇవి గుర్తుపెట్టుకొని పక్కకొచ్చి ఫోన్ చేయడమే. మీ వైపు అడవి చూసే ఫారెస్టు బీట్ ఆఫీసర్ నంబరు, రేంజ్ ఆఫీసు నంబరు ఇప్పుడే సేవ్ చేసుకోండి, రాత్రి అయితే 112. పేరు బయటికి రాకూడదని మొదట్లోనే చెప్పండి. ఊరి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు, ఆ గ్రూపులో ఎవడు ఎవడి మనిషో మనకి తెలీదు.

పిల్లోళ్లకి కూడా చెప్పండి, "బైక్ మీద ముందు పోయి రోడ్డు ఖాళీనా కాదా చూసి చెప్పు, వెయ్యి రూపాయలు ఇస్తాం" అంటారు, దాన్ని పైలట్ అంటారు. ఆ వెయ్యి తీసుకున్నోడు కూడా కేసులో ముద్దాయే.

సొంత పొలంలో చెట్లున్నోళ్లు కాయితాలు సరి చేసుకోండి. మా చేని గట్టు మీద మా నాయన వేసినవి నాలుగు ఉండేవి. ఒక వర్షం రాత్రి రెండు కోసుకుపోయినారు, పొద్దున పోతే మొద్దు చుట్టూ బురద ఎర్రగా ఉండాది. ఫిర్యాదు ఇస్తామని పోతే "మీ చెట్లే అని రుజువేంది, అడంగల్‌లో యాడ ఉండాయి" (అడంగల్ అంటే పొలం వివరాలుండే రెవెన్యూ రికార్డు) అని మమ్మల్నే దొంగల్ని చూసినట్టు చూసినారు. ఆ తర్వాత నేర్చుకున్నది ఏందంటే, చెట్లు అడంగల్‌లో ఎక్కించుకోండి, ఒక్కో చెట్టుకి పెయింటుతో నంబరు వేయండి, ఛాతీ ఎత్తులో, అంటే 1.37 మీటర్ల దగ్గర, చుట్టుకొలత టేపుతో కొలిచి నోటుబుక్కులో రాసుకోండి, లొకేషన్ వచ్చేట్టు ఫోటో తీయండి. దొంగతనం జరిగితే మొద్దు ముట్టుకోకుండా పోలీస్‌స్టేషన్‌కీ, రేంజ్ ఆఫీసుకీ రెండు చోట్లా రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. మన చెట్టే అయినా అటవీశాఖ అనుమతి, రవాణా పర్మిట్ లేకుండా నరికి తోలకూడదు, "ఆ పర్మిట్లు మేం చూసుకుంటాం, నువ్వు డబ్బులు తీసుకో" అనే బ్రోకరు దొరికితే అడవి దుంగలు మీ సర్వే నంబరు పేరు మీద పోతాయని లెక్క. కాయితాలున్న రైతుకి లాభం కూడా ఉండాది, 2025లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ మన రాష్ట్రంలో 198 మంది ఎర్రచందనం రైతులకి, ఆ చెక్క వాడకం మీద వచ్చిన లాభంలో వాటా డబ్బులు విడుదల చేసింది.

ఫారిన్‌లో ఉండే మనోళ్లకి ఒక మాట, పూజకనో మందుకనో చిన్న చెక్క ముక్కే కదా అని సూట్‌కేసులో పెట్టుకోకండి, ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకి దొరికితే ఫ్లైట్ పోతాది, కేసు మిగులుతాది.

మా గట్టు మీద మిగిలిన రెండిటికీ నంబర్లు 3, 4 అనే ఉంచినాం. ప్రతి సంక్రాంతికీ టేపు తీసుకుపోయి కొలుస్తా, పోయినసారి 4వ నంబరు రెండు సెంటీమీటర్లు కూడా పెరగలేదు.