గల్ఫ్‌లో క్రిస్మస్ సేవకు వెళ్లే పెద్ద దంపతులు తెలుసుకోవలసినవి

రాజోలు, మలికిపురం, అమలాపురం, నరసాపురం చుట్టుపక్కల ఏ సంఘంలోనైనా ప్రార్థన చీటీలు విప్పి చూడండి. కువైట్‌లోనో దోహాలోనో మస్కట్‌లోనో ఉన్న బిడ్డ కోసం రాసిన చీటీ ఒకటైనా ఉంటుంది. 1836లో మిషనరీలైన బౌడెన్, బీర్ దంపతులు ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో సేవ చేశారు. ఇప్పుడు మన గోదావరి డెల్టా నుంచే సంఘాన్ని నడిపే అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు గల్ఫ్‌లోని తెలుగు సంఘాలకు క్రిస్మస్ రోజుల్లో సాయంగా వెళ్తున్నారు. పిలుపు అయ్యగారి పేరునే వస్తుంది కానీ, అక్కడ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఎక్కువగా కావలసింది అమ్మగారు. ఈ సంగతి మనసులో పెట్టుకునే ఏర్పాట్లన్నీ చేసుకోవాలి.

ముందు తేదీలు. పండుగకు ముందు జరిపే సెమీ క్రిస్మస్‌లు, క్రిస్మస్, డిసెంబరు 31 రాత్రి ఆరాధన, ఈ మూడూ కలిసొచ్చేలా డిసెంబరు రెండో వారంలో వెళ్లి జనవరి మొదటి వారంలో తిరిగి రండి. ఇంకా ఆలస్యమైతే హైదరాబాద్ నుంచి ఊరు చేరడానికి సంక్రాంతి రద్దీలో బస్సు, రైలు టికెట్లు దొరకవు. వెళ్లేటప్పుడు విమానానికి ఒక రోజు ముందే హైదరాబాద్ చేరుకోండి. డిసెంబరు పొగమంచులో రాత్రి బస్సును నమ్ముకుని అదే రోజు విమానం పెట్టుకోవద్దు. సొంత సంఘంలో ఎవరు వాక్యం చెప్పాలో, పెళ్లి వచ్చినా మరణం వచ్చినా ఎవరు చూసుకోవాలో నవంబరు చివరి ఆదివారానికే పెద్దలతో తేల్చి, అందరి ముందూ చెప్పి బయల్దేరండి.

ఆహ్వానం ఎవరో ఒక విశ్వాసి ఫోన్లో చెప్పినది కాకూడదు. అక్కడ అనుమతి ఉన్న చర్చి ప్రాంగణంలో కూడుకునే సంఘం నుంచి రాతపూర్వకంగా రావాలి. ఏ వీసా మీద రావాలో, ఆ వీసా మీద వాక్యం చెప్పవచ్చో లేదో కూడా వాళ్లనే ముందుగా అడిగి తెలుసుకోండి. దోహాలో క్రైస్తవుల ఆరాధనలకు మెసైమీర్‌లో ప్రత్యేక ప్రాంగణం ఉంది. మస్కట్‌లో రూవి, ఘలా ప్రాంగణాలు ఉన్నాయి. వీటికి బయట వీధి క్యారల్స్ వద్దు, పార్కులో ప్రార్థన వద్దు, కరపత్రాలు పంచడం అసలే వద్దు. స్థానికులకు మతం బోధించడం అక్కడ పెద్ద నేరం. మీరు చేసిన పొరపాటుకు మిమ్మల్ని పిలిచిన సంఘం తన హాలునే పోగొట్టుకోవచ్చు.

కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లలో వారపు సెలవు శుక్ర, శనివారాలు. అందుకే పెద్ద ఆరాధన శుక్రవారం జరుగుతుంది. ఎమిరేట్స్‌లో 2022 నుంచి ప్రభుత్వ కార్యాలయాల వారాంతం శని, ఆదివారాలకు మారింది. ఒకే ప్రాంగణంలో ఎన్నో భాషల సంఘాలు వంతులవారీగా గదులు వాడుకుంటాయి. మీ వంతు అయిపోగానే తలుపు దగ్గర ఇంకో సంఘం నిలబడి ఉంటుంది. వాక్యం 25 నిమిషాల్లో ముగించేలా ఇంటి దగ్గరే గడియారం పెట్టుకుని సిద్ధపడండి. మన ఊళ్లో గంటన్నర సాగే ప్రసంగం అక్కడ సగంలో ఆగిపోతుంది. 2026లో డిసెంబరు 25 శుక్రవారమే పడుతుంది కాబట్టి ఆ ఏడు హాలు వంతు గురించి అక్టోబరులోనే అడిగి రాయించుకోవాలి.

డిసెంబరు 24 రాత్రి కార్యక్రమం వేసేటప్పుడు ఒక లెక్క మరిచిపోవద్దు. ఇక్కడ 12 గంటలు కొట్టేసరికి కువైట్, దోహాల్లో రాత్రి 9:30, మస్కట్, దుబాయ్‌లలో 10:30 అవుతుంది. ఆ సమయానికి అందరికీ ఇంటికి ఫోన్ చేయాలని ఉంటుంది. అప్పుడు ప్రసంగం పెట్టారంటే వినేవాళ్లు ఉండరు. అరగంట ఖాళీగా వదిలేయండి. పాటలు, వాక్యం అంతకుముందే ముగించుకోండి.

సామాను విషయంలో మన డెల్టా వాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, మంట అంటుకుంటుందని 2022 నుంచి విమానంలో చెకిన్ సామానులో దాన్ని అనుమతించడం లేదు. కురిడీలు ఇంట్లోనే వదిలేయండి. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. వాటిని మాదకద్రవ్యాల కింద లెక్కేసే గల్ఫ్ దేశాలున్నాయి కాబట్టి విడిగానే కాదు, మసాలా పొడిలో కలిసినా ప్రమాదమే. ఇంట్లో కొట్టిన మసాలా తీసుకెళ్లాలంటే గసగసాలు వేయకుండా వేరేగా కొట్టించండి. తమలపాకులు కూడా వద్దు. ఆవకాయ చేతి సంచిలో పెడితే తనిఖీలో తీసేస్తారు. మూత బిగించి, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం గట్టి డబ్బాలో సర్ది చేతిలోనే పట్టుకెళ్లాలి, పెట్టెలో వేస్తే పొడైపోతాయి. బైబిలు ఒక్కొక్కరికి ఒకటి చాలు. బైబిలు వచనాలున్న కొత్త సంవత్సరం వాగ్దానం కార్డులు కట్టలుగా మోసుకెళ్తే కస్టమ్స్ వాళ్లు ఆపవచ్చు. వచనాలు ముందే పంపి, అక్కడి సంఘం చేతే అచ్చు వేయించమనండి.

బయల్దేరే వారం ఊళ్లో వాళ్లంతా పొట్లాలు తెచ్చి ఇస్తారు. కాదనడానికి నోరు రాదు. అయినా మూతపెట్టి కుట్టిన పొట్లం ఏదీ తీసుకోవద్దు. ఇచ్చినవాళ్ల ముందే విప్పి, చూసి, మీ చేత్తో మళ్లీ కట్టండి. పచ్చడి సీసాలో, స్వీటు డబ్బాలో ఏముందో తెలియక మోసుకెళ్లి గంజాయి కేసుల్లో జైలు పాలైనవాళ్లు ఉన్నారు. అక్కడ ‘నాకు తెలియదు’ అన్న మాట చెల్లదు. ఎవరి మందులూ మోయవద్దు. మీ సొంత మందులు కొన్నప్పటి స్ట్రిప్పులతోనే, డాక్టరు ఇంగ్లీషులో రాసిన చీటీతో తీసుకెళ్లండి. ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు ఇంట్లో ఉంటే డాక్టరుతో చెప్పి మార్పించుకోండి. ఇన్సులిన్ చేతి సంచిలోనే ఉండాలి. కువైట్‌లో డిసెంబరు రాత్రులు పది డిగ్రీలకు పడిపోతాయి, ఎడారి గాలి కోతగా ఉంటుంది. మన చలికి సరిపోయే శాలువా అక్కడ చాలదు. ఇద్దరికీ మందపాటి స్వెటరు, మేజోళ్లు, చెవులు కప్పే టోపీ కావాలి.

ఇక అమ్మగారి పని. ఇళ్లలో పనిచేసేవాళ్లకు వారానికో రోజు సెలవివ్వాలని కువైట్‌లో 2015 నాటి చట్టం చెబుతోంది. ఆచరణలో కొందరికి మూడు నాలుగు గంటలే దొరుకుతుంది, కొందరికి అదీ లేదు. వచ్చినవాళ్లను ఆరాధనలో కూర్చోబెట్టి పంపేయకుండా, తర్వాత ఒక గంటైనా ఆడవాళ్లకే కేటాయించండి. మగవాళ్లు లేని గది కావాలి. ఫొటోలు తీయవద్దు, ఫేస్‌బుక్ లైవ్ పెట్టవద్దు. యజమాని ఇల్లు వదిలి వచ్చేసినవాళ్లు అందులో ఉండవచ్చు, ఒక్క వీడియోతో వాళ్లు దొరికిపోతారు.

ఊరికే కూర్చుంటే మాట బయటికి రాదు, చేతికి పని ఉండాలి. అందుకు క్రిస్మస్‌కు వండే గులాబీ పువ్వుల పిండివంట మంచి ఉపాయం. అచ్చు ఇక్కడి నుంచి పెద్ద పెట్టెలో తీసుకెళ్లండి. కొత్తదైతే ముందురోజు రాత్రంతా నూనెలో నానబెట్టాలి. బియ్యప్పిండి ఒక గ్లాసు, మైదా ఒక గ్లాసు, పంచదార పొడి ముప్పావు గ్లాసు, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నువ్వులు వేసి, కొబ్బరిపాలు కొంచెం కొంచెంగా పోస్తూ దోసెల పిండికన్నా కాస్త పలుచగా కలపండి. సుమారు గ్లాసున్నర పాలు పడతాయి. అచ్చును కాగిన నూనెలో రెండు నిమిషాలు ఉంచి, పిండిలో మూడొంతుల్లో రెండొంతులే ముంచాలి. నిండా ముంచితే పిండి పైన మూసుకుపోయి పువ్వు అచ్చును వదలదు. అచ్చు చల్లారితే పిండి అంటుకోదు. ఒకరు పిండి కలుపుతూ, ఇంకొకరు వేయిస్తూ ఉండగా ఇంటి కబుర్లు వాటంతటవే మొదలవుతాయి.

జీతం రావడం లేదని, పాస్‌పోర్టు లాక్కున్నారని, కొడుతున్నారని ఎవరైనా చెబితే ప్రార్థనతో ఆపవద్దు. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు, దాని నంబరు, అకామా (అక్కడ ఉండే అనుమతి) నంబరు, యజమాని పేరు, ఫోను, ఇల్లున్న చోటు, ఎన్ని నెలల జీతం బాకీ, ఇక్కడి కుటుంబం ఫోను, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఆమె ఒప్పుకుంటేనే భారత రాయబార కార్యాలయానికి, మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్‌కు, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వ ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి తెలియజేయండి. యజమానికి మీరు ఫోన్ చేయవద్దు. ఆమెను మీరున్న గదిలో దాచవద్దు. అది నేరమవుతుంది, ఆమె కేసు కూడా దెబ్బతింటుంది. నేరుగా రాయబార కార్యాలయానికే చేరేలా చూడండి.

డబ్బు దగ్గర గట్టిగా ఉండాలి. కువైట్‌లోనూ ఎమిరేట్స్‌లోనూ అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం చట్టవిరుద్ధం. ఊళ్లో చర్చి స్లాబు కోసం అక్కడ రసీదు పుస్తకం తీయవద్దు. నెలంతా కష్టపడితే వచ్చే జీతంలోంచి ఆ తల్లులు కవరు తెచ్చి చేతిలో పెడతారు. ప్రేమగా తిరిగి ఇచ్చేయండి. తిరుగు ప్రయాణంలో బంగారం కూడా ఒప్పుకోవద్దు. సుంకం లేకుండా నగలు తెచ్చుకునే వెసులుబాటు ఏడాదికి మించి విదేశంలో ఉన్నవారికే ఉంటుంది, నెల రోజులకు వెళ్లొచ్చిన మీకు వర్తించదు.

ఊరు చేరాక వారం లోపు, వివరాలు రాసుకున్న ప్రతి ఇంటికీ ఇద్దరూ కలిసి వెళ్లండి. బిడ్డ చెప్పమన్న మాటే చెప్పండి, చెప్పవద్దన్నది చెప్పవద్దు. ఫిర్యాదు పెట్టి ఉంటే దాని నంబరు కుటుంబంలో చదువుకున్న ఒకరి ఫోన్లో ఎక్కించి, వారానికోసారి పోర్టల్‌లో ఎంతవరకు వచ్చిందో ఎలా చూడాలో దగ్గరుండి నేర్పించండి.