బొమ్మకు లోపల, బొమ్మకు వెలుపల – ఇంగ్లిష్ స్వయంబోధిని, ఏడో పాఠం

గత పాఠం చివర, 1927 అక్టోబరులో బ్రస్సెల్స్‌లో జరిగిన సాల్వే సమావేశం (పేరున్న భౌతిక, రసాయన శాస్త్రవేత్తల సమావేశం) ఫోటోను చూసి, అందులోని 29 మందిలో మేరీ క్యూరీ ఎక్కడ కూర్చున్నారో ఇంగ్లిష్‌లో రాయమని అడిగాను. సరైన జవాబు 'ఇన్ ద ఫ్రంట్ రో, థర్డ్ ఫ్రమ్ ద లెఫ్ట్'. ఐన్‌స్టీన్ అదే వరుసలో 'ఫిఫ్త్ ఫ్రమ్ ద లెఫ్ట్'. ముందు వరుసలో ఉన్నది 9 మందే కాబట్టి 'ఇన్ ద మిడిల్ ఆఫ్ ద ఫ్రంట్ రో' అని రాసినా ఒప్పే. 'ఇన్ ద ఫస్ట్ లైన్' అని రాసినవారు మాత్రం దిద్దుకోవాలి. కూర్చున్న మనుషుల వరుసను 'రో' అంటారు, రాసిన అక్షరాల వరుసను 'లైన్' అంటారు. ఈ రోజు పాఠమంతా బొమ్మ మీదా బొమ్మ చుట్టూ ఉన్న రాత ఎక్కడుందో ఇంగ్లిష్‌లో చెప్పడం గురించే కనుక ఇక మీదట మనకు పని పడేది 'లైన్'తోనే.

పాఠ్యపుస్తకంలో గానీ, దరఖాస్తు ఫారంలో గానీ, ఆఫీసు నివేదికలో గానీ బొమ్మ ఉందంటే దాని పైనో కిందో పక్కనో కొంత రాత ఉంటుంది. ఎదురుగా ఉన్న మనిషికైతే వేలితో చూపించవచ్చు. ఫోన్లో చెప్పాల్సి వచ్చినప్పుడు, ఉత్తరంలో రాయాల్సి వచ్చినప్పుడు ఆ చోటును మాటలతోనే చూపించాలి. చాలామంది ప్రిపోజిషన్లను, అంటే 'ఇన్', 'ఆన్', 'టు' లాంటి చిన్న మాటలను, విడివిడిగా బట్టీపట్టి, తీరా వాక్యం రాసేటప్పుడు ఏది ఎక్కడ పెట్టాలో తెలియక తడబడతారు. నా సలహా ఏమిటంటే, ప్రిపోజిషన్‌ను ఒంటరిగా కాకుండా మొత్తం పదబంధంగా నేర్చుకోండి. దాన్ని ఎంచుకునే ముందు ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను చూపించదలచిన రాత బొమ్మకు లోపల ఉందా, వెలుపల ఉందా?

అభ్యాసానికి మహాత్మా గాంధీ కొత్త శ్రేణిలోని 500 రూపాయల నోటును తీసుకుందాం. 2016 నవంబరులో వచ్చిన ఈ నోటు దాదాపు అందరి చేతుల్లోనూ ఉంటుంది, పైగా అరచేయంత కాగితం మీద ఇన్ని బొమ్మలూ ఇన్ని రాతలూ ఒకదాని పక్కన ఒకటి మరోచోట దొరకడం కష్టం. ఎర్రకోట బొమ్మ ఉన్న వైపుకు తిప్పండి. కోటకు ఎడమవైపున నిలువుగా ఒక పట్టీ ఉంటుంది. అందులో నోటు విలువ అస్సామీతో మొదలై ఉర్దూతో ముగిసే 15 భాషల్లో అచ్చయి ఉంటుంది. ఈ పట్టీ కోట బొమ్మలో భాగం కాదు, దానికి వెలుపల ఉంది. కాబట్టి 'ద ప్యానెల్ టు ద లెఫ్ట్ ఆఫ్ ద రెడ్ ఫోర్ట్' అనాలి. అదే కోట బొమ్మలోనే ఎడమ భాగాన ఉన్న ఒక బురుజును చూపించాలనుకుంటే 'ఆన్ ద లెఫ్ట్ ఆఫ్ ద పిక్చర్' అనాలి. 'ఆన్ ద లెఫ్ట్ ఆఫ్' అనే మాటను కొందరు వెలుపలి చోటుకు కూడా వాడతారు గానీ, 'టు ద లెఫ్ట్ ఆఫ్' అన్నప్పుడు మాత్రం ఆ వస్తువు బొమ్మ హద్దు దాటి అవతల ఉన్నట్టే. అనుమానానికి తావు లేకుండా రాయాలంటే ఈ రెండింటినీ వేరుగా ఉంచుకోవడమే మేలు. తెలుగులో 'బొమ్మలో ఎడమవైపు' అనడానికీ 'బొమ్మకు ఎడమవైపు' అనడానికీ ఉన్న తేడా సరిగ్గా ఇదే.

ఇప్పుడు ఆ పట్టీలో తెలుగు వరుసను వెతకండి. అది కింది నుంచి రెండోది. దాన్ని చూపించడానికి తెలుగులో 'ఎర్రకోటకు ఎడమవైపున్న పట్టీలో కింది నుంచి రెండో వరుస' అంటాం, అంటే పెద్ద గుర్తుతో మొదలుపెట్టి చిన్నదాని దగ్గరికి వస్తాం. ఇంగ్లిష్‌లో నడక దీనికి పూర్తిగా ఎదురు: 'ద సెకండ్ లైన్ ఫ్రమ్ ద బాటమ్ ఇన్ ద ప్యానెల్ టు ద లెఫ్ట్ ఆఫ్ ద రెడ్ ఫోర్ట్'. చూపించదలచిన వస్తువు ముందు వచ్చేస్తుంది, దాని ఆనవాళ్లు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. కనుక పొడవైన వాక్యం రాయాల్సి వస్తే, ముందుగా తెలుగు మాటను మనసులో అనుకుని, చివరి ముక్క నుంచి వెనక్కి నడుస్తూ ఇంగ్లిష్‌లో పెట్టండి. మొదట్లో ఇది నెమ్మదిగా సాగుతుంది, కాని తప్పు దారి పట్టనివ్వదు.

అదే వైపున స్వచ్ఛ భారత్ చిహ్నం ఉంది, దాన్ని కాస్త దగ్గరగా చూడండి. గాంధీజీ కళ్లజోడులో ఒక అద్దం మీద 'స్వచ్ఛ' అనీ, రెండో అద్దం మీద 'భారత్' అనీ హిందీలో ఉంటుంది. కళ్లజోడు కింద నినాదం ఉంటుంది. మొదటి రెండు మాటలూ బొమ్మ మీదే ఉన్నాయి కనుక 'ద వర్డ్స్ ఆన్ ద లెన్సెస్'. నినాదం వెలుపల ఉంది కనుక 'ద స్లోగన్ బిలో ద గ్లాసెస్'. అలాగే గాంధీజీ బొమ్మ ఉన్న వైపున, రిజర్వ్ బ్యాంకు ముద్రలో పులిని, తాటిచెట్టును చుట్టుకుని బ్యాంకు పేరు ఉంటుంది. దానికి 'ద నేమ్ అరౌండ్ ద టైగర్ అండ్ ద పామ్ ట్రీ' అనడం సరిపోతుంది.

పై చోటుకు ఉన్న రెండు మాటల దగ్గర జాగ్రత్త పడాలి. 'ద టెక్స్ట్ అబవ్ ద ఫోటో' అంటే ఫోటోకు పైన, కాగితం మీద విడిగా ఉన్న రాత. 'ద టెక్స్ట్ ఓవర్ ద ఫోటో' అంటే సాధారణంగా ఫోటో మీదికే ఎక్కించిన రాత. డిజైన్ చేసేవారికి మెయిల్ రాసేటప్పుడు ఈ రెండూ తారుమారైతే శీర్షిక వెళ్లి మనిషి ముఖం మీద కూర్చుంటుంది. ఫోటో ఈ చివర నుంచి ఆ చివర దాకా పరచుకున్న అక్షరాలకు 'అక్రాస్ ద ఫోటో' అనాలి. కింది చోటుకు ఇంత చిక్కు లేదు. ఫోటో వ్యాఖ్య (క్యాప్షన్) విషయంలో 'బిలో ద ఫోటో', 'అండర్ ద ఫోటో' రెండూ చెల్లుతాయి. అతికించిన ఫోటో అడుగున రాత దాగి ఉన్నప్పుడు మాత్రం 'అండర్' అనే అనాలి.

మన అలవాటు వల్ల దొర్లే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. 'పేజీలో' అంటాం కాబట్టి 'ఇన్ పేజ్ ట్వెల్వ్' అని రాస్తాం. రాయవలసింది 'ఆన్ పేజ్ ట్వెల్వ్'. 'ఇన్ ద లెఫ్ట్ సైడ్' కాదు, 'ఆన్ ద లెఫ్ట్ సైడ్'. పేజీ మూలకు 'ఇన్ ద టాప్ రైట్ కార్నర్', పేజీ అడుగుకు 'ఎట్ ద బాటమ్ ఆఫ్ ద పేజ్'. 'బొమ్మకు పక్కన' అన్న అలవాటు కొద్దీ 'బిసైడ్ టు ద పిక్చర్' అనకూడదు. 'నెక్స్ట్' తర్వాత 'టు' ఉండి తీరాలి, 'బిసైడ్' తర్వాత ఉండనే కూడదు. ఆఫీసు మెయిళ్లలో తరచుగా కనిపించే 'ద బిలో పిక్చర్' కూడా మంచి ఇంగ్లిష్ అనిపించుకోదు. 'ద పిక్చర్ బిలో' అని వెనుక పెట్టండి. విచిత్రమేమిటంటే 'ద అబవ్ పిక్చర్' అంటే సాధారణంగా తప్పుపట్టరు. ఈ పక్షపాతానికి సూత్రం వెతక్కుండా వాడుకగా స్వీకరించాలి.

విదేశాల్లో చదువుకు అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఎల్‌టీఎస్ అకడమిక్‌లోని రాత పరీక్షకు సిద్ధమవుతున్నవారికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మొదటి ప్రశ్నలో ఒక చార్టో పటమో ఇచ్చి, దాన్ని కనీసం 150 పదాల్లో వర్ణించమంటారు. దానికి సుమారు 20 నిమిషాలు కేటాయించుకోమంటారు. ప్రశ్నలో 'ద చార్ట్ బిలో షోస్' అని ఉంటుంది, ఎందుకంటే ఆ వాక్యం కింద చార్టు నిజంగానే ఉంది. ఆ మాటనే యథాతథంగా జవాబులోకి దించితే, మీ జవాబు కింద ఏ చార్టూ ఉండదు. 'బిలో' తీసేసి 'ద చార్ట్ షోస్' అనో 'ద గివెన్ చార్ట్' అనో మొదలుపెట్టండి. 'బిలో', 'అబవ్' అనే మాటలు రాసినవారి కాగితానికి కట్టుబడి ఉంటాయి. కాగితం మారితే వాటి అర్థం చెడిపోతుంది. పరిశోధన వ్యాసాల్లో 'ద ఫిగర్ బిలో' అనడం కన్నా 'ఇన్ ఫిగర్ త్రీ' అని అంకెతో చెప్పడం మంచిదనడానికి కారణమూ ఇదే. అచ్చులో పేజీలు సర్దేటప్పుడు బొమ్మ తర్వాతి పేజీకి జరిగినా ఆ మాట చెక్కుచెదరదు.

ఈసారి అభ్యాసానికి మీ ఆధార్ కార్డు ముందు వైపును ఎదురుగా పెట్టుకోండి. 'ఫోటోకు కుడివైపున ఉన్న పేరు', 'పేరు కింద ఉన్న పుట్టిన తేదీ', 'కార్డు అడుగున ఉన్న 12 అంకెల సంఖ్య', 'ఫోటోకు కుడివైపున ఉన్న పేరులోని మొదటి అక్షరం' – ఈ నాలుగింటినీ ఇంగ్లిష్‌లో రాయండి. నాలుగోదాన్ని వెనక నుంచి నడిచి రాయాలని గుర్తుంచుకోండి. జవాబులు ఎనిమిదో పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో బాణం గుర్తులు, నక్షత్రం గుర్తులు, అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు) ఉన్నచోట ఏ పదబంధాలు వాడాలో చూద్దాం.